ఎదురుగా పెట్టిన బొట్టు

మెదక్ పాత బస్టాండు వెనక సందులో చీరలకు ఫాల్, పీకో వేసే కొట్టు ఒకటుంది. సుమన ఆ కొట్టు ముందు స్కూటీ ఆపి లోపలికి చూసింది. ముగ్గురు ఆడవాళ్లు మిషన్ల మీద వంగి ఉన్నారు. యాదలక్ష్మి ఎవరని అడగ్గానే మూడో మిషన్ ఆగింది. ఆకుపచ్చ చీర అంచును సూది కింద అలాగే ఉంచి ఆమె తలెత్తింది. ముప్పై దాటి ఉండవు. సంతకాలు అడగడానికి వచ్చేవాళ్లను ఇదివరకు చాలామందిని చూసినట్టుంది, సుమన సంచిలోంచి కాగితం తీస్తుంటేనే ఆమె మొహం గట్టిపడింది.

సుమన ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. పాఠాలు చెప్పగా మిగిలిన వేళల్లో పీహెచ్‌డీ చేస్తోంది. పుర్రె లోపలి ఒత్తిడి ఆమె అంశం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం మెదడులోకి తోసుకొస్తుంది. పుర్రె మూసిన ఎముకల పెట్టె కాబట్టి లోపల ఒత్తిడి ఒక అలలా లేచి పడుతుంది. ఆ అలకు మూడు చిన్న శిఖరాలుంటాయి. లోపల చోటున్నంతవరకు మొదటి శిఖరమే పెద్దది, రెండోది దానికంటే కిందనే ఉంటుంది. మెదడు వాచి చోటు తగ్గేకొద్దీ రెండోది మొదటిదాన్ని దాటిపోతుంది. ఎప్పుడు దాటుతుందో ముందుగా చెప్పగల సమీకరణాలు రాయడం ఆమె పని. వాటిని సరిచూసుకోవడానికి నిజమైన మనుషుల అలలు కావాలి. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో, తలకు దెబ్బ తగిలినవాళ్ల పుర్రెలో సన్నని తీగ పెట్టి రికార్డు చేసిన అలలను, పేర్లు తీసేసి నెంబర్లు వేసి, ఆమె గైడు రత్నాకర్ సార్ తెప్పించి ఇచ్చారు.

వాటిలో ఒకదానికి సుమన 'బంగారు తునక' అని పేరు పెట్టుకుంది. ఒక సాయంత్రం చూడ్డానికి వచ్చినవాళ్లెవరో ఆ పేషెంటు తలను పక్కకు తిప్పారని రికార్డు పక్కన రాసుంది. మెడ మెలిపడి, తలలోని రక్తం కిందికి దిగే నాళం నొక్కుకుపోయి ఒత్తిడి ఒక్కసారిగా లేచింది. నర్సు వచ్చి తల సరిచేసింది, ఒత్తిడి దిగింది. కావాలని ఏ మనిషి మీదా చేయకూడని ప్రయోగం దానంతట అది జరిగి, చక్కగా రికార్డయింది. సుమన సమీకరణాలు ఆ లేవడాన్నీ దిగడాన్నీ వెంట్రుకవాసి తేడాతో పట్టుకున్నాయి. ఆ రోజు ఆమె ఇంట్లో సేమ్యా పాయసం చేసుకుంది. ఇప్పుడు పరిశోధన పత్రికలో ఆ గ్రాఫు వేయాలంటే పేషెంటు ఇంటివాళ్ల అనుమతి కావాలన్నారు.

"నెంబరు చూసి దవాఖానవాళ్లు పేరు చెప్పారు. మీవైపు మనిషేనమ్మా. నర్సింలు, పాపన్నపేట. భార్య మెదక్‌లోనే మిషన్ కుడుతుందట. సంతకం తీసుకో, అంతే. చికిత్స గురించి మాట్లాడకు," అని రత్నాకర్ సార్ ఫోన్‌లో చెప్పారు.

నర్సింలు పాపన్నపేట నుంచి ఏడుపాయల గుడికి షేరాటో నడిపేవాడు. పోయినేడు అది బోల్తా పడింది.

"ఇండ్ల ఏం రాసున్నది మేడం?" యాదలక్ష్మి అడిగింది.

సుమన క్లాసులో చెప్పినట్టే చెప్పింది. "మీ ఆయన తలలో ఒత్తిడి కొలిచిన గ్రాఫ్ ఒకటి ఉందమ్మా. దాన్ని పుస్తకంలో వేస్తం, పేరు ఉండదు. ఒకరోజు సాయంత్రం ఎవరో ఆయన తల పక్కకు తిప్పిండ్రు, అప్పుడు ఏమైందంటే..."

యాదలక్ష్మి చెయ్యి వెళ్లి మిషన్ చక్రాన్ని పట్టుకుంది.

"ఎవరో గాదు మేడం, నేనే తిప్పిన. ఏడుపాయల అమ్మ పసుపు బండారి నుదుట పెట్టనీకి తిప్పిన. తెల్లారి పానం పోయింది."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. పక్క మిషన్లు కూడా నెమ్మదించాయి. ఆ సంగతి కొట్టులో అందరికీ తెలిసిందే అన్నమాట.

సుమనకు పాయసం తిన్న రోజు గుర్తొచ్చింది. యాదలక్ష్మి మాత్రం మొదలుపెట్టింది కాబట్టి చివరిదాకా చెప్పేసింది. ఆ సాయంత్రం ఆమెనూ అత్తనూ ఇద్దరినీ లోపలికి పంపారు. మరిది బిక్షపతి తలుపు బయట నిలబడ్డాడు. మంచం పక్కన మిషన్ కుయ్యిమని మోగింది, నర్సు ఉరికొచ్చి, 'ఎవరు తిప్పిండ్రు, మనిషిని సంపుతరా' అని అరిచింది. దవాఖానలో కోపంతో అరిచిన మాటకుండే ఆయుష్షు నెమ్మదిగా చెప్పిన మాటకుండదు. ఆ అరుపు శవంతోపాటే పాపన్నపేటకు వచ్చింది, ఊరంతా తిరిగింది. మొగుని మెడ తిప్పి చంపుకున్నదని వాడకట్టులో అనని మనిషి లేదు. బిక్షపతి వదినతో మాట మానేశాడు. కొన్నాళ్లకు ఆమె పెట్టె సర్దుకుని మెదక్ వచ్చి ఒక గది కిరాయికి తీసుకుంది.

"ఐతారం ఆయన ఏడాది దినం. మంజీర ఒడ్డుకు పిట్టకు పెడ్తరు, కాకులకు ముద్ద. నన్ను రావద్దన్నడు మా మరిది. ఆయనకు పెట్టుకునే ఒక్క ముద్ద గూడ నా చేతులకెళ్లి పోవద్దంట," అంది యాదలక్ష్మి.

"మీ అత్తమ్మ ఏమంటది?"

"ఆమె ఏమన్లే మేడం. ఇప్పటిదాంక ఒక్క మాటన్లే." యాదలక్ష్మి పెన్ను కోసం చెయ్యి చాపింది. "యాడ పెట్టాలె?"

సుమన కాగితం మడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంది. "ఇప్పుడొద్దు. నేను మళ్లొస్త," అని బయటికి వచ్చేసింది.

మధ్యాహ్నం క్లాసు లేదు. ల్యాబులో అసిస్టెంటు పెర్సిస్ వైర్లు సర్దుతోంది. చర్చి కాంపౌండు పిల్ల, పనిలో ఉన్నప్పుడు ఎవరి మొహమూ చూడదు. సుమన ఆ రికార్డింగ్ తెరిచి కూర్చుంది. తెరిచాక ఆమెకు ఒక సంగతి అర్థమై సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆమె దాన్ని సగంలో కోసి వాడుకుంటోంది. తల తిప్పడం, ఒత్తిడి లేవడం, దిగడం, అక్కడికి కత్తెర. ఆ తర్వాత ఆ మనిషికి ఏమైందో చూడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. చావు కూడా ఆ ఫైల్లోనే ఉంది, ఆమె అంతవరకు వెళ్లలేదు.

ఈసారి వెళ్లింది. తల సరిచేసిన కాసేపటికే రెండో శిఖరం తగ్గి మొదటిదాని కిందికి వచ్చింది. అల తన పాత రూపానికి తిరిగొచ్చింది. రాత్రి చాలాసేపు అలాగే నడిచింది. ఒక్కో అల వెనక ఒక్కో గుండె చప్పుడు, తొందర లేకుండా. తెల్లవారబోయే ముందు, ఎవరూ ముట్టుకోకుండానే, రెండోది కొంచెం కొంచెంగా లేవడం మొదలుపెట్టింది. మొదటిదాన్ని దాటింది. మూడు శిఖరాలూ కలిసిపోయి అల మొద్దుగా, గుండ్రంగా తయారైంది. తర్వాత గీత. సుమన ఇలాంటి గీతలు చాలా చూసింది కానీ దాన్ని చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం అదే మొదటిసారి.

తన మోడల్లో తల తిప్పిన ఘటనను తీసేసి మళ్లీ నడిపింది. ఎవరూ ఆ సాయంత్రం లోపలికి రాలేదు, ఎవరూ బండారి పెట్టలేదు అనుకుని లెక్క వేయమంది. తెల్లవారుజామున రెండో శిఖరం అలాగే లేచింది, అదే వేళకు మొదటిదాన్ని దాటింది. మెదడు మెత్తదనాన్ని అటూ ఇటూ మార్చి చూసింది, వాపు వేగం తగ్గించి చూసింది. ఎలా చూసినా ఆ తెల్లవారుజాము మారలేదు.

రత్నాకర్ సార్‌కు ఫోన్ చేసింది. ఆయన మొత్తం విన్నారు. "మోడల్ అనేది ఒక అంచనా సుమనా, కోర్టు తీర్పు కాదు. నువ్వు డాక్టరువి కూడా కాదు. రేపు వాళ్లు గొడవపడి నీ పేరు చెబితే నీ థీసిస్ ఆగిపోతుంది. సంతకం తీసుకుని వచ్చెయ్," అన్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం కూడా లేదు. అదే ఆమెను బాగా ఇబ్బంది పెట్టింది. పత్రికలో వేయడానికి సరిపోయిన లెక్క, ఒక ఆడమనిషి మీద పడ్డ నింద తీసేయడానికి మాత్రం సరిపోదా అని ఒళ్లు మండింది. ఆ ఫైలుకు పెట్టిన ముద్దుపేరు చెరిపేసి నెంబరు మాత్రం ఉంచింది.

మరుసటి రోజు పాపన్నపేట వెళ్లింది. కోతలయ్యాయి. వడ్లు రోడ్డు మీద ఒక పక్కంతా ఆరబోసి ఉన్నాయి, స్కూటీని రెండో పక్కనుంచి నడుపుకుంటూ ఇల్లు పట్టుకుంది. వాకిట్లో బిక్షపతి ట్రాక్టరు నాగలికి నట్లు బిగిస్తున్నాడు. అరుగు మీద అతని తల్లి పెంటమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. రాళ్లు లేని బియ్యమే అయినా ఆమె వేళ్లు వెతుకుతూనే ఉన్నాయి.

సుమన తానెవరో, సంతకం కాగితం సంగతీ, లెక్కలో తేలిన సంగతీ చెప్పింది. బిక్షపతి పానా కింద పెట్టలేదు.

"వదిన పంపిందా మిమ్మల్ని?"

"లేదన్నా. నేను వచ్చిన సంగతి ఆమెకు తెల్వది."

"కంప్యూటర్ల జూసి చెప్తున్నరు మీరు. నేను తలుపు కాడ్నే ఉన్న. మిషిన్ మొత్తుకున్నది, నర్సమ్మ ఒర్రింది, తెల్లారేసరికి అన్న లేడు. దీనికి ఇంక లెక్కలెందుకు మేడం?" అతని కళ్లు ఎర్రబడ్డాయి. "ఆ ఆటో కొన్న దినం ముందుగాల నన్ను ఎక్కిచ్చుకొని తిప్పిండు మా అన్న."

"మిషన్ మొత్తుకున్న మాట నిజమే. కానీ తల సరిచేసినంక ఒత్తిడి దిగిపోయింది. చాలాసేపు మంచిగనే ఉన్నడు. తెల్లారగట్ల వాపు దానంతట అదే పెరిగింది. తల తిప్పినందుకు కాదు."

"మీరు సదువుకున్నోళ్లు, ఎట్లనన్న చెప్పొచ్చు," అని అతను నట్టు మీదికి వంగాడు.

చాటలో వేళ్లు ఆగిపోయాయి. "దిగిందా?" అంది పెంటమ్మ. చాలాకాలంగా వాడని గొంతులా బొంగురుగా ఉంది. "ఏం దిగింది బిడ్డా?"

"తలలో బిగువమ్మా. మీరు బయటికొచ్చిన కాసేపటికే దిగింది."

"గదేందో నాకు జూపెట్టనీకొస్తదా?"

గ్రాఫు చూపిస్తే ఆమెకేం అర్థమవుతుందని సుమన ఆలోచించింది. "మా కాలేజీల నీళ్లతో నడిచే తల ఒకటుందమ్మా. పిల్లలకు చూపియ్యనీకి చేసినం. దానిమీద చూడొచ్చు."

"రేపు వస్త," అంది పెంటమ్మ. బిక్షపతి ఏదో అనబోతే, "నన్ను తోల్కపో," అంది అతని వైపు చూడకుండా.

ఆ తలను పెర్సిస్ చేసింది. రాందాస్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణం మూసేస్తుంటే అక్కడ మూలకు పడేసిన బొమ్మ తల తెచ్చి, నడినెత్తి కోసి, లోపల నీళ్ల డబ్బా అమర్చింది. చిన్న పంపు గుండెలా కొడుతుంది. మెడ స్థానంలో రబ్బరు తొడుగు, అందులో నీళ్లు బయటికి పోయే రెండు గొట్టాలు. నెత్తి మీద నిలబెట్టిన గాజు గొట్టంలో రంగునీళ్లు పంపు కొట్టినప్పుడల్లా ఎగిరి పడుతుంటాయి. బొమ్మ మొహానికి దుకాణం వాళ్లు వేసిన పెదవుల రంగు ఇంకా అలాగే ఉంది.

పెంటమ్మ చెప్పులు ల్యాబు బయటే విప్పింది. యాదలక్ష్మి పని మధ్యలో వచ్చింది, చీరకు దారపు పోగులు అంటుకుని ఉన్నాయి. సుమన రమ్మన్నదే తప్ప ఎవరొస్తారో చెప్పలేదు. అత్తనూ మరిదినీ చూసి గుమ్మంలోనే ఆగింది. సుమన పంపు వేసింది. గాజు గొట్టంలో నీళ్లు నింపాదిగా ఎగరసాగాయి.

"ఇది మంచిగున్నప్పుడు. ఇప్పుడు తల తిప్పితే ఏమైతదో చూడండ్రి. అమ్మా, మీరు ఆ రోజు ఎట్ల తిప్పిండ్రో అట్ల తిప్పండ్రి," అంది యాదలక్ష్మితో.

యాదలక్ష్మి దగ్గరికి వచ్చింది. బొమ్మ గడ్డం మీద రెండు వేళ్లు పెట్టింది. తీసి చెంప మీద పెట్టింది. ఎటు తోయాలో తెలియనట్టు ఆగింది. "గిట్లనే గావొచ్చు మేడం," అంది.

"గట్ల గాదు," అంది పెంటమ్మ.

ఆమె కోడలిని పక్కకు జరిపి ముందుకు వచ్చింది. కుడిచెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఎడమ అరచేయి బొమ్మ మెడ కిందికి పోనిచ్చి, కుడిచేతి వేళ్లు దవడ వెంట ఆనించి, నిద్రలో ఉన్న పిల్లవాడి మొహం తుడవడానికి తిప్పుకున్నట్టు, ఆ తలను మెల్లగా తనవైపు తిప్పుకుంది. బొటనవేలు లేచి నుదుటి మీద, రెండు కనుబొమల నడుమ ఆగింది. ఆ చేతులు ఆ పని ఇదివరకు ఒకసారి చేశాయని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

గాజు గొట్టంలో నీళ్లు లేచాయి. యాదలక్ష్మి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇడువు అత్తమ్మా."

"ఆగు," అంది పెంటమ్మ. నీళ్లనే చూస్తోంది. కాసేపాగి తలను తానే సరిచేసింది. నీళ్లు కొట్టుకుంటూ కొట్టుకుంటూ దిగి పాత గుర్తు దగ్గర నిలిచాయి. అక్కడే నిలుస్తాయా అని చాలాసేపు చూసింది.

"ఎవ్వరు తిప్పకున్నా గట్లనే అవుతుండెనా బిడ్డా?"

సుమన తొందరపడలేదు. "నాకు తెలిసినంతల అట్లనే అయ్యేదమ్మా. నా లెక్కలో తప్పులుండొచ్చు. కానీ తల తిప్పలేదనుకొని ఎన్నిసార్లు చూసినా చివరికి అదే వచ్చింది."

"అమ్మా," అన్నాడు బిక్షపతి. "గట్ల తిప్పిండ్రని నీకెట్ల ఎరుక?"

సుమన తెచ్చిన సంచి వైపు పెంటమ్మ చెయ్యి చూపింది. "సంతకం కాయిదం ఏదో తెచ్చినవంట గద. దాంట్ల నా ఏలిముద్ర గూడ ఏయించుకో. అండ్ల ఉన్న చెయ్యి నాది."

పెర్సిస్ స్టూలు తెచ్చి వేసింది, పెంటమ్మ కూర్చోలేదు. బిక్షపతే దానిమీద కూలబడ్డాడు.

"బొట్టు ఎదురుంగ పెడ్తరు గాని పక్కకు నిలవడి పెడ్తరా. తలకంత కట్లు, నుదురు ఇంతే కనవడ్డది. నా దిక్కు తిప్పుకున్న," అంది పెంటమ్మ బొమ్మతో మాట్లాడుతున్నట్టు. "నర్సు ఒర్రంగనే ఈ పిల్ల నా ముందటికొచ్చి నిలవడ్డది. నేనే తిప్పిన అన్నది."

"ముసలామెను ఏమంటదో అని అన్న మేడం, గంతే. తెల్లారి పానం పోతదని నాకేం ఎరుక," అంది యాదలక్ష్మి. ఆమె ఏడవలేదు. అత్త మణికట్టు మాత్రం వదిలేసింది. "ఏడాదాయె అత్తమ్మా. ఊరంత అన్నరు. ఒక్కసారన్న నువ్వు నోరిప్పకపోతివి."

"ఇప్పితే నా కొడుకును నేనే సంపుకున్నట్టు గద బిడ్డా," అంది పెంటమ్మ.

సుమన ఒకరి మీది నింద తీయడానికి పూనుకుంది. మాట్లాడని ఆ రెండో మనిషి ఏం మోస్తున్నదో ఆమె ఏ లెక్కలోనూ లేదు. ఇద్దరిలో ఎవరి మీద జాలిపడాలో ఆమెకు తెలియలేదు. ముసలామె మీద కోపం కూడా వచ్చింది. కోపం వచ్చినందుకు తనకే కష్టంగా ఉంది. సంతకం అడగలేదు. యాదలక్ష్మే సంచి దగ్గరికి వచ్చి పెన్ను తీసుకుంది, ఆమె పేరు కింద పెంటమ్మ వేలిముద్ర పడింది.

శనివారం బిక్షపతి పీకో కొట్టుకు తానే వెళ్లాడట. గుమ్మంలో నిలబడి, "వదినా, రేపు పొద్దుగాల్నే రా," అన్నాడట. ఇంకేమీ అనలేకపోయాడని యాదలక్ష్మి ఫోన్‌లో చెప్పింది. "మీరు గూడ రాండ్రి మేడం," అంది.

మంజీర ఒడ్డున వాళ్ల పొలం గట్టు మీద ఇస్తరాకులో అన్నం, మాంసం, నర్సింలుకు ఇష్టమైన చింతచిగురు కూర పెట్టారు. ఊరి ఆడవాళ్లు దూరంగా నిలబడి గుసగుసలాడుకుంటుంటే, "నా కోడలు పెడ్తది," అని పెంటమ్మ అందరికీ వినిపించేట్టు అంది. అంతకుమించి ఒక్క మాట చెప్పాల్సి ఉంది. ఆ మాట కూడా చెప్పింది. తల తిప్పింది తానేనని, ఎవరి చెవిలోనో కాకుండా, గట్టిగానే చెప్పింది. గుసగుసలు ఆగిపోయాయి. యాదలక్ష్మి ఆకు రెండు చేతులతో పట్టుకుని గట్టు చివరిదాకా నడిచి పెట్టి వచ్చింది. కాకులు వెంటనే రాలేదు. వచ్చేదాకా అందరూ ఎండలో నిలబడ్డారు.

సాయంత్రం యాదలక్ష్మి మెదక్ బయల్దేరింది. "ఈడ్నే ఉండు వదినా, నీ ఇల్లే గద," అన్నాడు బిక్షపతి.

"పెండ్లి చీరెలు ఒప్పుకున్న, రేపియ్యాలె," అంది యాదలక్ష్మి. తర్వాత వస్తానని గానీ రానని గానీ అనలేదు.

షేరాటోలో వెనక్కి తిరిగి ఉండే చివరి సీటు మాత్రమే ఖాళీగా ఉంది. ఆమె అందులో కూర్చుంది. సుమన పక్కనే స్కూటీ స్టార్ట్ చేయబోతూ ఆగింది. పెంటమ్మ కొంగు ముడిలోంచి బండారి తీస్తూ ఆటో పక్కకు వచ్చింది. అత్త చెయ్యి లేవడం చూసి యాదలక్ష్మి మొహం ఆమెవైపు తిప్పబోయింది.

"తిప్పకు బిడ్డా," అంది పెంటమ్మ. "నేనే వస్త."

డ్రైవరు తొందరపెడుతున్నాడు. పెంటమ్మ ఆటోను పట్టుకుని, ఆరబోసిన వడ్లు తొక్కకుండా అడుగులో అడుగు వేసుకుంటూ, వెనకవైపుకు చుట్టి వచ్చింది. కోడలికి ఎదురుగా నిలబడింది. ఆమె తల ముట్టుకోకుండా బొటనవేలితో నుదుటి మీద బండారి పెట్టింది.